టైమింగ్ కోడ్ చెరిపినా మళ్లీ వస్తుంటే: హైబ్రిడ్ కారులో ఎక్కడి నుంచి వెతకాలి

చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది. షెడ్డులో స్కానర్ పెడితే పి0016 అనే టైమింగ్ కోడ్ వస్తుంది. కోడ్ ఎరేజ్ చేస్తే లైటు పోతుంది, నెల్లూరులో బయల్దేరి కావలి చేరేలోపు మళ్లీ వెలుగుతుంది. క్యామ్ సెన్సర్ మారుస్తారు. కొన్నాళ్లు బాగుండి మళ్లీ అదే కోడ్. తర్వాత క్రాంక్ సెన్సర్, ఆ తర్వాత ఆయిల్ కంట్రోల్ వాల్వ్. చివరికి "టైమింగ్ చైన్ పోయుంటదన్నా, ఇంజన్ దించాలి" అనే మాట దగ్గరికి వస్తుంది వ్యవహారం. ఇంత ఖర్చయ్యాక కూడా అసలు తప్పు ఎక్కడుందో ఎవరికీ తెలియదు. హైబ్రిడ్ కార్ల విషయంలో ఇలా జరగడానికి ముఖ్య కారణం ఒకటే. కోడ్‌ను పార్టు పేరుగా చదువుతున్నారు. అది రెండు సిగ్నళ్ల మధ్య పొంతన కుదరలేదని కంప్యూటర్ పెట్టిన ఫిర్యాదు మాత్రమే. ఎందుకు కుదరలేదో అది చెప్పదు, చెప్పలేదు కూడా.

ఇది ఇప్పుడు మాట్లాడుకోవాల్సిన విషయం. మన దేశంలో ప్రియస్ 2010లోనే వచ్చినా, క్యామ్రీ హైబ్రిడ్ 2013లో వచ్చినా, అవి మన జిల్లాల రోడ్ల మీద అరుదు. 2022లో హైరైడర్, గ్రాండ్ విటారా, హోండా సిటీ హైబ్రిడ్ వచ్చాక, వాటి వెనకే ఇన్నోవా హైక్రాస్ వచ్చాక లెక్క మారింది. అప్పట్లో టయోటా కారు కొన్నవారికి 3 ఏళ్ల మామూలు వారంటీ 2025తో అయిపోయింది. పొడిగించుకోనివాళ్ల కార్లు ఇప్పుడిప్పుడే బయటి షెడ్లకు వస్తున్నాయి. హైబ్రిడ్ బ్యాటరీకి 8 ఏళ్ల వారంటీ ఉన్నా, టైమింగ్ చైన్ దాని కిందికి రాదు.

ఇంకో సంగతి ముందే తేల్చుకోవాలి. 2015లో సియాజ్‌తో మొదలుపెట్టి మారుతి చాలా మోడళ్లకు స్మార్ట్ హైబ్రిడ్ అని పేరు పెట్టింది. వాటిలో ఉండేది బెల్టుతో తిరిగే చిన్న జనరేటర్ మోటారు. కారు కదులుతున్నంతసేపూ ఇంజన్ తిరుగుతూనే ఉంటుంది. కాబట్టి వాటికి మామూలు పెట్రోలు కారు పద్ధతే సరిపోతుంది. ఈ వ్యాసం ఇంజన్ ఆపేసి కేవలం కరెంటు మీద కూడా నడిచే పూర్తి హైబ్రిడ్ల గురించి.

పిస్టన్లతో తిరిగే క్రాంక్ షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే, వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్ట్ ఒక చుట్టు తిరగాలి. ఆ రెంటినీ కలిపేది టైమింగ్ చైన్. క్రాంక్ చివర పళ్ల చక్రం ఒకటి ఉంటుంది. టయోటా ఇంజన్లలో సాధారణంగా 36 పళ్లకు చోటుండి, రెండు తీసేసి 34 ఉంచుతారు. అంటే పన్నుకు, పన్నుకు మధ్య 10 డిగ్రీలు. ఆ రెండు పళ్ల ఖాళీ సెన్సర్ ముందు నుంచి పోయినప్పుడల్లా పిస్టన్ ఎక్కడుందో కంప్యూటర్‌కు తెలుస్తుంది. క్యామ్ మీద ఇలాగే ఇంకో సెన్సర్ ఉంటుంది. ఈ రెండు సిగ్నళ్లను పక్కపక్కన పెట్టి చూసుకుంటుంది కంప్యూటర్. ఉండాల్సిన తేడా ఉంటే సరే, లేకపోతే కోడ్.

ఇక్కడే కోడ్ల మధ్య తేడా పట్టుకోవాలి. క్యామ్‌ను ముందుకో వెనక్కో జరిపే యంత్రాంగం కదలకుండా మూల స్థానంలో ఉన్నప్పుడే రెండు సిగ్నళ్లకూ పొంతన లేకపోతే పి0016 పడుతుంది. ఎగ్జాస్ట్ క్యామ్‌కైతే పి0017. పి0011 సంగతి వేరు. ఇంత జరుపు అని కంప్యూటర్ ఆదేశం ఇచ్చింది, క్యామ్ అలా కదల్లేదు, అవసరానికి మించి ముందుకు పోయింది లేదా అక్కడే ఇరుక్కుంది. వెనకపడి ఉంటే పి0012. పి0010 అంటే క్యామ్‌ను జరిపే ఆయిల్ కంట్రోల్ వాల్వుకు పోయే కరెంటు దారిలోనే లోపం. పి0340, పి0335 పడితే క్యామ్, క్రాంక్ సెన్సర్ల సర్క్యూట్లలో గొడవ. ఇవన్నీ షెడ్డులో "టైమింగ్ కోడ్" అనే ఒక్క మాట కిందికి వచ్చేస్తాయి. పి0011కు చైన్ విప్పడం, పి0016కు సెన్సర్ మార్చడం ఈ గందరగోళంలోనే జరుగుతాయి. సెన్సర్ నిజంగా చచ్చిపోతే సాధారణంగా సిగ్నల్ ఆగిపోయిన కోడ్ పడాలి. సిగ్నల్ చక్కగా వస్తూ స్థానం మాత్రం తేడాగా ఉందంటే, సెన్సర్ మీద అనుమానం తగ్గించుకోవడమే న్యాయం.

హైబ్రిడ్‌లో ఏం మారుతుంది? ఇంజన్ దాని ఇష్టప్రకారం స్టార్టవుతుంది, ఆగుతుంది. ట్రంకురోడ్డు ట్రాఫిక్‌లో నుంచి మాగుంట లేఅవుట్ దాకా వెళ్లి వచ్చేలోపు ఎన్నిసార్లు ఆగి మొదలైందో లోపల కూర్చున్నవాళ్లకు తెలియనే తెలియదు. విడిగా స్టార్టర్ మోటారు ఉండదు. టయోటా పద్ధతిలో ఒక పెద్ద మోటార్ జనరేటర్ ఇంజన్‌ను దాదాపు 1000 ఆర్పీఎం వరకు తిప్పి, అప్పుడు పెట్రోలు, స్పార్క్ ఇస్తుంది. పైగా ఇవి అట్కిన్సన్ పద్ధతి ఇంజన్లు. పిస్టన్ పైకి రావడం మొదలుపెట్టాక కూడా ఇన్‌టేక్ వాల్వు ఇంకాసేపు తెరిచే ఉంటుంది. స్టార్ట్ అయ్యే క్షణంలో క్యామ్‌ను బాగా వెనక్కి ఉంచి, సిలిండర్‌లో ఒత్తిడి తగ్గించి, కుదుపు తెలియకుండా ఇంజన్‌ను లేపుతారు. అందుకే క్యామ్ తన వెనకటి స్థానానికి సరిగా తిరిగి రాకపోతే, మామూలు కారులో ఎవరూ గమనించని తేడా హైబ్రిడ్‌లో ఇంజన్ లేచిన ప్రతిసారీ ఒక గుంజులా తెలుస్తుంది. సిగ్నల్ దగ్గర ఆగి కదిలేటప్పుడు కారు ఒక్కసారి వణికిందని యజమాని చెబితే ఆ మాటను తేలిగ్గా తీసుకోకూడదు. కుదుపును మింగే డ్యాంపర్ అరిగినా, సిలిండర్‌లోకి కూలెంట్ కారుతున్నా అలాగే వణుకుతుంది. కానీ టైమింగ్ కోడ్ కూడా పక్కనే ఉంటే దారి ఇటే.

కోడ్ పదే పదే వస్తోందంటే విసుగు పుట్టడం సహజం. పరిశీలించేవాడికి మాత్రం అంతకంటే మంచి ఆధారం ఉండదు. ఎరేజ్ బటన్ నొక్కేముందు ఫ్రీజ్ ఫ్రేమ్ డేటాను ఫోన్‌తో ఫొటో తీసుకోవాలి. కోడ్ పడిన క్షణంలో ఇంజన్ ఎంత వేగంతో తిరుగుతోంది, కూలెంట్ ఎంత వేడిగా ఉంది, కారు ఎంత స్పీడులో ఉంది, ఎంత లోడు మీద ఉంది అన్నీ అందులో ఉంటాయి. ఎరేజ్ చేస్తే అదంతా పోతుంది. చేతికందిన ఆధారాన్ని తుడిచేసి వెతుకులాట మొదలుపెట్టడం మన షెడ్లలో మానుకోవాల్సిన మొట్టమొదటి అలవాటు.

ఆ డేటా ఎలా ఉపయోగపడుతుందో చూడండి. పొద్దున్నే మొదటి స్టార్ట్‌లోనే, కూలెంట్ చల్లగా ఉండగా కోడ్ పడి, ఒకటి రెండు సెకన్లు గలగల చప్పుడు వచ్చి ఆగిపోయిందనుకుందాం. రాత్రంతా ఆయిల్ కిందికి దిగిపోయి, క్యామ్‌ను జరిపే ఫేజర్ ఖాళీ అయ్యింది, లేదా దాన్ని మూల స్థానంలో పట్టి ఉంచే లాక్ పిన్ సరిగా కూర్చోవడం లేదు, లేదా చైన్‌ను బిగువుగా ఉంచే టెన్షనర్ పట్టు తప్పింది. ఒంగోలు దాకా 120 కిలోమీటర్లు నడిపి, టోల్ గేటు దగ్గర నెమ్మదించినప్పుడు పడిందనుకుంటే ఆయిల్ బాగా వేడెక్కి పలచబడ్డాక ప్రెషర్ చాలడం లేదేమో చూడాలి. వానపడిన మర్నాడే వస్తే వైర్లను కలిపే కప్లర్లలోకి నీళ్లు. గుంతల రోడ్డులో వస్తే ఎక్కడో వైరు ఊగుతోంది. ఎరేజ్ చేసి ఇంజన్ లేపిన వెంటనే, ఏ పరిస్థితిలోనైనా, ప్రతిసారీ వస్తుంటే అప్పుడు చైన్ తన పళ్ల చక్రం మీద పన్ను దాటిందనే అనుమానానికి బలం వస్తుంది. చాలా మోడళ్లలో ఈ కోడ్లకు వరసగా రెండు ట్రిప్పుల్లో తప్పు కనిపిస్తేనే లైటు వెలుగుతుంది. మొదటిసారి అది పెండింగ్‌లో ఉంటుంది. లైటు లేదు కాబట్టి తప్పు లేదనుకుంటే పొరపాటు.

ఇక ఆయిల్. అన్నిటికంటే ముందు చూడాల్సింది, అన్నిటికంటే ఎక్కువగా వదిలేసేది ఇదే. క్యామ్‌ను జరిపే ఫేజర్ చాలా ఇంజన్లలో ఆయిల్ ప్రెషర్‌తో పనిచేస్తుంది. కంప్యూటర్ ఆదేశంతో ఆయిల్ కంట్రోల్ వాల్వు సన్నని దారుల్లోకి ఆయిల్ వదిలితే, ఆ ఒత్తిడికి ఫేజర్ లోపలి రెక్కలు కదులుతాయి. ఇప్పటి హైబ్రిడ్ల మాన్యువల్స్‌లో 0డబ్ల్యూ-16, 0డబ్ల్యూ-20 లాంటి పలచని ఆయిల్స్ రాసి ఉంటాయి. మన దగ్గర ఎండలెక్కువ కదా, చిక్కటి ఆయిల్ మంచిదని 20డబ్ల్యూ-40 పోసేవాళ్లు ఉన్నారు. పల్లె షెడ్డులో ట్రాక్టర్‌కు తెచ్చిన డబ్బాలోంచే పోసేవాళ్లూ ఉన్నారు. వాళ్ల ఉద్దేశం మంచిదే. పాత ఇంజన్లకు ఆ లెక్క నడిచింది. ఇక్కడ మాత్రం నడవదు. ఆ సన్నని దారుల్లో చిక్కటి ఆయిల్ నెమ్మదిగా కదులుతుంది, ఫేజర్ ఆలస్యంగా స్పందిస్తుంది, ఆదేశానికీ అసలు స్థానానికీ తేడా వచ్చి పి0011 లాంటి కోడ్ పడుతుంది. ఆయిల్ ఫిల్టర్ కూడా చూడాలి. చౌక ఫిల్టర్లో వెనక్కి కారకుండా ఆపే రబ్బరు వాల్వు సరిగా లేకపోతే, ఇంజన్ ఆగిన కాసేపటికే ఆయిల్ దిగిపోతుంది. మామూలు కారుకు రోజుకు నాలుగైదు స్టార్టులు. హైబ్రిడ్‌లో ఆ సంఖ్య ఎన్నో రెట్లు.

కారు తిరిగిన కిలోమీటర్లను మాత్రమే చూసి ఆయిల్ మార్చడం కూడా హైబ్రిడ్‌లో మోసం చేస్తుంది. మీటర్ మీద 8,000 ఉన్నా ఇంజన్ తిరిగింది అందులో కొంతే, అదీ ముక్కలు ముక్కలుగా. ఇంజన్ పూర్తిగా వేడెక్కకుండానే ఆగిపోతుంటే కాలని పెట్రోలు ఆయిల్‌లోకి దిగుతుంది. చలి దేశాలవాళ్లు చెప్పే ఆయిల్‌లో నీటి నురగ సమస్య మే నెలలో 40 డిగ్రీలు దాటే మన ఊళ్లలో పెద్దగా ఉండకపోవచ్చు. పెట్రోలు కలవడం మాత్రం ఊళ్లోనే తిరిగే కారుకు ఇక్కడా తప్పదు. డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. లెవెల్ పై గీత దాటి పెరిగి, పెట్రోలు వాసన కొడుతుంటే విషయం తెలిసినట్టే. కిలోమీటర్లు, నెలలు, ఈ రెంటిలో ఏది ముందు వస్తే దానికి మార్చమని మాన్యువల్‌లో ఉండే వాక్యంలో రెండో సగం హైబ్రిడ్లకు చాలా ముఖ్యం.

ఆయిల్‌ను వదిలి కరెంటు వైపు వస్తే, మొదట 12 వోల్టుల చిన్న బ్యాటరీ. మామూలు కారులో బ్యాటరీ నీరసిస్తే స్టార్టర్ ఈడుస్తూ తిరిగి చెప్పేస్తుంది. హైబ్రిడ్‌లో ఇంజన్‌ను లేపేది పెద్ద బ్యాటరీ కాబట్టి ఆ చప్పుడే ఉండదు. చిన్నది చచ్చే దశలో ఉన్నా కారు నడవడానికి సిద్ధమని తెర మీద రెడీ చూపిస్తూనే ఉంటుంది, ఈలోపు కంప్యూటర్లు తక్కువ వోల్టేజీలో చిత్రమైన కోడ్లు పెడుతుంటాయి. రాత్రి ఆపి ఉంచిన కారుకు పొద్దున మల్టీమీటర్ పెడితే 12.6 దగ్గర ఉండాలి, రెడీలో ఉన్నప్పుడు 14కు దగ్గరగా రావాలి. ఇది నిమిషం పని. ఇది చూడకుండా ఏ సెన్సర్‌నూ కొనకూడదు.

తర్వాత వైరింగ్. మన ప్రాంతంలో దీనికి మూడు శత్రువులున్నాయి. ఎడగారు కోతలయ్యాక పొలాల్లో మేత తగ్గి ఎలుకలు ఇళ్ల వైపు, వెచ్చగా ఉండే ఇంజన్ల వైపు వస్తాయి. సెన్సర్ వైరును సగం కొరికి వదిలేస్తే సిగ్నల్ పోదు, అప్పుడప్పుడూ తప్పుతుంది. కొత్త సెన్సర్ పెట్టేటప్పుడు వైరు కాస్త కదిలి కొన్నాళ్లు బాగుంటుంది, అందరూ సెన్సరే తప్పు అనుకుంటారు. రెండోది ఉప్పు. ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు వైపు రొయ్యల గుంటల దగ్గర, మైపాడు తీరాన రోజూ నిలిపే కార్లలో కప్లర్ పిన్నుల మీద పచ్చటి చిలుము పడుతుంది. కప్లర్ బయటికి శుభ్రంగానే కనిపిస్తుంది, విప్పితేనే తెలుస్తుంది. మూడోది వరద. 2021 నవంబరులో పెన్నా పొంగి కోవూరు వైపు హైవే తెగినప్పుడు ఎన్నో ఊళ్లు నీళ్లలో ఉన్నాయి. అలాంటి నీళ్లలో నిలిచిన కారును సెకండ్ హ్యాండ్‌లో కొంటే, వైర్ల కట్ట (హార్నెస్) లోపలికి పాకిన తడి ఎప్పుడు బయటపడుతుందో చెప్పలేం.

పరీక్ష సులువే. ఇప్పటి మూడు వైర్ల సెన్సర్లలో చాలావాటికి ఒక వైరులో 5 వోల్టులు రావాలి, ఒకటి ఎర్త్, ఒకటి సిగ్నల్. ఎర్త్ వైరుకూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య వోల్టేజీ 0.1 దాటితే ఎర్త్ బాగాలేదు. స్కానర్‌లో లైవ్ డేటా చూస్తూ హార్నెస్‌ను చేత్తో నెమ్మదిగా కదపాలి. ఇందుకోసం ఇంజన్ నడుస్తూ ఉండాలి, హైబ్రిడ్ అందుకు ఒప్పుకోదు, దానంతటదే ఆగిపోతుంది. దీనికే మెయింటెనెన్స్ మోడ్ ఉంది. చాలా టయోటా మోడళ్లలో ఇగ్నిషన్ ఆన్ చేసి నిమిషంలోపు యాక్సిలరేటర్‌ను పార్క్‌లో రెండుసార్లు, న్యూట్రల్‌లో రెండుసార్లు, మళ్లీ పార్క్‌లో రెండుసార్లు పూర్తిగా తొక్కితే ఆ మోడ్‌లోకి వెళ్తుంది. ఆ తర్వాత రెడీ చేస్తే ఇంజన్ ఆగకుండా తిరుగుతుంది. ఆ మోడ్‌లో కారును రోడ్డెక్కించకూడదు.

ఇక్కడి వరకు ఏమీ దొరక్కపోతే అప్పుడు ఆయిల్ కంట్రోల్ వాల్వు. పాత టయోటా హైబ్రిడ్లలో ఈ వాల్వు కాయిల్ 20 డిగ్రీల దగ్గర దాదాపు 7 ఓమ్‌లు చూపాలి. 12 వోల్టులు ఇస్తే లోపల జరిగే కడ్డీ (స్పూల్) టక్కున కదిలి, తీసేస్తే వెనక్కి రావాలి. కొన్ని ఇంజన్లలో దాని ముందు చిన్న జల్లెడ ఉంటుంది. మడ్డి పేరుకునేది అక్కడే. వాల్వు మార్చి జల్లెడను వదిలేస్తే డబ్బు దండగ. ఒక ముఖ్యమైన తేడా: ఇన్నోవా హైక్రాస్ 2.0 లీటర్ హైబ్రిడ్ ఇంజన్‌లో ఇన్‌టేక్ క్యామ్‌ను జరిపేది ఆయిల్ కాదు, ఎలక్ట్రిక్ మోటారు. ఆ క్యామ్ కోడ్‌కు ఆయిల్ వాల్వు కోసం వెతకడం, ఫ్లషింగ్ చేయించడం రెండూ అర్థం లేనివి.

చైన్ వరకు వచ్చాక కూడా వెంటనే ఇంజన్ దించాల్సిన పనిలేదు. చైన్ సాగిందంటే ఇనుము సాగిందని కాదు. సైకిల్ చైన్‌లో లాగే పిన్నులు అరిగి, అరిగిన ప్రతి జాయింట్ దగ్గరా కాస్త కాస్త ఖాళీ కలిసి పొడవు పెరుగుతుంది. అలా పెరిగిన చైన్ క్యామ్‌ను వెనక పడేస్తుంది, ముందుకు నెట్టదు. కాబట్టి స్కానర్‌లో క్యామ్ ముందుకు పోయినట్టు కనిపిస్తుంటే, అరిగిన చైన్ ఒక్కటే దానికి కారణం కాలేదు. ఫేజర్ ఇరుక్కోవడమో, ఎవరో ఇంతకుముందు విప్పి మార్కులు తప్పి బిగించడమో చూడాలి. అరుగుదలైతే తేడా నెలల తరబడి మెల్లగా పెరుగుతుంది. పన్ను దాటితే ఒక్కసారిగా దూకుతుంది. చైన్ తిరిగే క్రాంక్ పళ్ల చక్రానికి (స్ప్రాకెట్‌కు) 18 పళ్లుంటే ఒక్క పన్ను దాటడమంటే 20 క్రాంక్ డిగ్రీలు. అంత తేడా స్కానర్‌లో దాక్కోలేదు.

ఓసిలోస్కోప్ ఉన్నచోట క్యామ్, క్రాంక్ సిగ్నళ్లను ఒకే తెర మీద చూసి, అదే ఇంజన్ ఉన్న మంచి కారు తరంగంతో పోలిస్తే ఏమీ విప్పకుండానే సగం విషయం తేలిపోతుంది. నెల్లూరు, ఒంగోలు లాంటి చోట ఒక్కో షెడ్డు ఒక్కో స్కోప్ కొనలేకపోతే నలుగురు కలిసి ఒకటి కొనుక్కున్నా నష్టం లేదు. మూడు అనవసరపు సెన్సర్ల డబ్బు ఎటూ కస్టమర్ దగ్గరే పోతోంది కదా. చివరికి కవర్ విప్పి చూడాల్సి వస్తే, స్ప్రాకెట్ల మీది మార్కులను నమ్మాలి. చైన్ మీది రంగు లింకులు బిగించేటప్పుడు మాత్రమే పనికొస్తాయి. ఇంజన్‌ను రెండు చుట్లు తిప్పితే మార్కులు మళ్లీ కలుస్తాయి గానీ రంగు లింకులు వాటి ఎదురుగా రావు. అది తెలియక బాగున్న టైమింగ్‌ను మళ్లీ విప్పినవాళ్లున్నారు. టెన్షనర్ ప్లంజర్ ఎంత బయటికి వచ్చిందో కూడా చూడాలి, చైన్ అరుగుదలకు అదే సాక్షి.

ఈ పనులన్నిటికీ ముందు ఒక జాగ్రత్త ఉంది, దాని విషయంలో మొహమాటం వద్దు. రెడీలో ఉన్న హైబ్రిడ్ చప్పుడు లేకుండా నిలబడి ఉంటుంది, తనకు అవసరమనిపించిన క్షణంలో ఇంజన్‌ను తిప్పుతుంది. బెల్టులో, పుల్లీలో చెయ్యి ఉంటే వేళ్లు పోతాయి. కారు ఆన్‌లో ఉండాల్సిన పరీక్షలు కాక మిగతా పనులప్పుడు స్మార్ట్ కీ కారుకు దూరంగా ఉండాలి, 12 వోల్టుల నెగటివ్ తీసి ఉండాలి. హై వోల్టేజీ మోసే ఆరెంజ్ రంగు కేబుళ్ల దగ్గర పని పడితే ఇన్సులేటెడ్ గ్లౌజులు వేసుకుని, పెద్ద బ్యాటరీ కరెంటును తెంపే సర్వీస్ ప్లగ్ తీసి, దాన్ని జేబులో పెట్టుకుని, కెపాసిటర్లు ఖాళీ అయ్యేందుకు కనీసం 10 నిమిషాలు ఆగాలి. గ్లౌజులు లేని షెడ్డు ఆ కేబుళ్ల జోలికి పోకూడదు.

యజమానిని ఎక్కువగా భయపెట్టేది ఇంకొకటి. ఇంజన్ టైమింగ్ తప్పి సరిగా లేవకపోతే హైబ్రిడ్ కంప్యూటర్ కూడా తన వంతు కోడ్ పెడుతుంది. పి0ఎ0ఎఫ్ అలాంటిదే. ఇంజన్ స్టార్ట్ కాలేదని దాని అర్థం. తెర మీద హైబ్రిడ్ సిస్టమ్ అని చూడగానే "బ్యాటరీ పోయింది, లక్షల్లో అవుతుంది" అనేస్తారు. నిజానికి అది ఫలితం, మూలం ఇంజన్ కోడ్ దగ్గరే ఉంది. ఫోన్‌తో కోడ్లు చదివే చౌక ఈఎల్ఎం327 డాంగిల్ చాలాసార్లు ఇంజన్ కోడ్లే చూపిస్తుంది, హైబ్రిడ్ వైపు చదవదు. అందుకే అన్ని కంప్యూటర్లనూ చదివే స్కానర్‌తో ఒకసారి పూర్తి రిపోర్టు తీయించి, ఏది ముందు పడిందో చూసుకోవాలి.

కోడ్ ఉన్నా చప్పుడు, వణుకు, పికప్ తగ్గడం ఏవీ లేకపోతే నిదానంగా షెడ్డు దాకా నడపొచ్చు. గలగల చప్పుడు వేడెక్కాక కూడా ఆగకుండా వస్తుంటే మాత్రం నడపొద్దు, క్రేన్ పిలిపించడమే మేలు. చైన్ ఇంకా జారితే వాల్వులు పిస్టన్లకు తగిలే ప్రమాదం ఉంది, అప్పుడు మిగిలేది పెద్ద బిల్లు.

రిపేరు అయ్యాక లైటు పోయిందని అక్కడితో వదిలేయకూడదు. కోడ్ మొదట ఏ పరిస్థితిలో పడిందో ఫ్రీజ్ ఫ్రేమ్ ఫొటోలో ఉంది కదా, అదే పరిస్థితిని మళ్లీ తెప్పించాలి. చల్లటి స్టార్ట్‌లో పడి ఉంటే కారును రాత్రంతా షెడ్డులోనే ఉంచి పొద్దున లేపాలి. వేడి మీద పడి ఉంటే హైవే మీద కావలి దాకా పోయి వచ్చి, ఇంజన్ నెమ్మదించినప్పుడు క్యామ్ ఆదేశం, అసలు స్థానం ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని కదులుతున్నాయో లేదో లైవ్ డేటాలో చూడాలి. ఇలా కనీసం రెండు ట్రిప్పులయ్యాక పెండింగ్ కోడ్ల పేజీ ఖాళీగా ఉంటేనే కారు తాళాలు యజమానికి ఇవ్వాలి. బిల్లు మీద మార్చిన పార్టుతో పాటు పోసిన ఆయిల్ గ్రేడ్, ఆ రోజు తేదీ, మీటర్ రీడింగ్ రాయించుకుంటే, ఏడాది తర్వాత ఇంకో షెడ్డులో ఇంకో మెకానిక్‌కు వెతకడం సులువవుతుంది.